తల్లి వదిలేసిన విలన్

పోయిన నెల ఆయన సంతాపసభకు వెళ్ళాను. నరసాపురంలో ఒక కల్యాణ మండపంలో పెట్టారు. వేదిక వెనక ఫ్లెక్సీ మీద ఆయన నవ్వుతున్న ఫోటో వేశారు. అది వాళ్ళకెక్కడ దొరికిందో గాని, ఆయన నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. స్టూడియోవాళ్ళు కంప్యూటర్లో పెదాలు సాగదీసి ఉంటారని నా అనుమానం. ఒక పెద్దమనిషి మైకు అందుకుని, "పసితనంలోనే కన్నతల్లి రేవులో వదిలేసి పోతే, ఆ గాయాన్నే కళగా మలుచుకున్న మహానటుడు" అని గొంతు వణికించాడు. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. నాకు ఒళ్ళు మండి లేచి వచ్చేశాను.

ఆయన్ని తల్లి ఏ రేవులోనూ వదిలేయలేదు. ఆవిణ్ణి నేనెరుగుదును. భర్త పోయాక లేసు అల్లుకుంటూ ఈ ఒక్క కొడుకునీ పెంచింది. వీడు పాక్కుంటూ వీధి పక్క కాలవలోకి పోతాడేమోనని, లేసు దారం పేని ఒక కొస వాడి మొలతాడుకీ, ఇంకో కొస తన కాలి బొటనవేలికీ కట్టుకుని పని చేసుకునేదట. దారం బిగిస్తే వాడు ఎటో బయలుదేరాడని, వదులైతే నిద్రపోయాడని లెక్క. మా వీధిలో పెద్దవాళ్ళు ఈ మాట చెప్పి నవ్వుకునేవారు. ఆ పెద్దవాళ్ళంతా ఈ సంగతులు జరగకముందే పోయారు. నాటకం రాసిన మాస్టారు పోయారు. ఆవిడా పోయింది, ఇప్పుడు ఆయనా పోయాడు. సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను కాబట్టి రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. రాసినా మావైపు ఎవరూ గుర్తుపట్టరు. "పంటు మీద టిక్కెట్లు కోసే విలన్" అంటే మాత్రం అటు కోనసీమ దాకా తెలుసు. మా రేవు నుంచి గోదావరి అవతలి ఒడ్డుకి జనాన్నీ, సైకిళ్ళనీ, గేదెల్నీ, పెళ్ళి బస్సుల్నీ కూడా ఎక్కించుకుని తిరిగే పంటు మీద ఆయన టిక్కెట్లు ఇచ్చేవాడు. ఖాకీ సంచి భుజానికి వేసుకుని మనుషుల మధ్య నుంచి పోతుంటే జనం వాళ్ళంతట వాళ్ళే తప్పుకునేవాళ్ళు. ఎవరి మొహమూ చూడడు. చెయ్యి చాపుతాడు, టిక్కెట్టు చింపుతాడు, పోతాడు. ఎవరైనా చిల్లర దగ్గర పేచీ పెడితే, "అవతలి ఒడ్డుకెళ్ళాక మాట్లాడుకుందామండి" అనేవాడు. అంత మర్యాదగా అన్న మాటే అయినా విన్నవాడు అవతలి ఒడ్డు రాగానే దిగి పరుగు లంకించుకునేవాడు.

ఆ రోజుల్లో మా డెల్టాలో ఊరూరా నాటక పోటీలు జరిగేవి. పరిషత్తులనేవాళ్ళం. మా మాస్టారు హైస్కూల్లో తెలుగు చెప్పేవారు, ఏడాదికో నాటకం రాసేవారు. నాకు మందుల షాపు. రంగు తెలుపు, ముక్కు సూటి అని చెప్పి ప్రతి నాటకంలోనూ నన్ను మంచివాణ్ణి చేసేవారు. ఆదర్శ ఉపాధ్యాయుణ్ణో, నిజాయితీగల సర్పంచినో. మంచివాడి వేషం కట్టినవాడి బతుకు ఎంత హీనమో కట్టినవాడికే తెలుసు. పేజీలకి పేజీలు నీతులు వల్లించి చెమట కక్కుకుని దిగితే, "ఆ రెండో ఆయన ఎవరండీ, బాగా భయపెట్టాడు" అని నన్నే అడిగేవాళ్ళు. ఆ రెండో ఆయనే ఈయన.

ఆయన విలన్ అరవడు. వికటాట్టహాసాలు లేవు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, ఇప్పుడే భోంచేసి వచ్చినవాడిలా స్టేజి మీదికి వస్తాడు. ఎదుటివాడి భుజం మీద దుమ్ము దులుపుతాడు. తర్వాత చూస్తాడు. రెప్ప వెయ్యడు. ఎన్నో ప్రదర్శనలు ఆయన ఎదురుగా నిలబడ్డాను, ఒక్కసారి కూడా నేను ముందు చూపు తిప్పుకోకుండా ఉండలేకపోయాను.

రిహార్సల్ మొదటిరోజు ఆయన మాస్టార్ని ఒకటే ప్రశ్న అడిగేవాడు. "వీడు పొద్దున్నే ఏం తింటాడండీ?" మాస్టారు ఏది తోస్తే అది చెప్పేవారు. ఒకసారి చిరాకులో ఉండి, "చద్దన్నం, పచ్చిమిరపకాయలు తింటాడయ్యా" అన్నారు. నాటకం ఆడినన్నాళ్ళూ ఈయన పొద్దున్నే చద్దన్నంలో పచ్చిమిరపకాయలు నంజుకుని, కడుపులో మంటకి నా దగ్గర మందు కొనుక్కున్నాడు.

"ఏంటండీ ఇది, ఉత్తినే అన్నారాయన. మానెయ్యండి," అన్నాను.

"మానేస్తే వాడు రాడండీ హీరోగారూ," అన్నాడు. నన్ను హీరోగారూ అని పిలిచేవాడు. అది ఎగతాళో గౌరవమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

మావైపు ఆడవాళ్ళకి నాటకం చూడటమంటే ఊరికే చూడటం కాదు. విలన్ అన్యాయం చేస్తే కూర్చున్నచోటి నుంచే తిడతారు. మెటికలు విరుస్తారు, దుమ్మెత్తి పోస్తారు. "నీ నోట మన్నుపడ, నీ వంశం అంతరించ" అని ఆయన విన్న తిట్లు ఇంకెవరైనా వింటే మంచం పట్టేవాళ్ళు. ఆ తిట్లు వేషానికే గాని మనిషికి కాదని మనం అనుకుంటాం. వాళ్ళమ్మ అలా అనుకోలేదు. కొడుకు నాటకమాడి ఇంటికి రాగానే గుమ్మం బయటే నిలబెట్టి, పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళతో దిష్టి తీసి, ఆ నీళ్ళు మూడు దార్లు కలిసేచోట పారబోసి, అప్పుడు లోపలికి రానిచ్చేది. నాటకం మాత్రం ఎప్పుడూ చూడలేదు. "నా బిడ్డని జనం తిడుతుంటే నేను కూర్చుని వినాలా?" అనేది.

ఇలా నడుస్తుండగా తొంభైల చివర్లో ఒక ఏడాది మాకు బహుమతి రాలేదు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన మాస్టార్ని పక్కకి పిలిచి, మీ ప్రతినాయకుడు బాగానే ఉన్నాడు గాని వాడెందుకలా తయారయ్యాడో చెప్పలేదండీ, ఊరికే చెడ్డవాడంటే ఈ రోజుల్లో ఎవరు నమ్ముతారండీ అన్నారట. మాస్టారికి అది ముల్లులా గుచ్చుకుంది. మరుసటేడు కొత్త నాటకం తెచ్చారు. అందులో ఈయన గోదావరి లంక భూముల కామందు. ఖాళీ చెయ్యమంటే చెయ్యలేదని కూలీల పాకలకి నిప్పు పెట్టిస్తాడు. ఒక ముసలమ్మ అందులో కాలి చచ్చిపోతుంది. చివరి సీనులో నేను నిలదీస్తే అప్పుడు తన కథ చెప్తాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ అతన్ని రేవులో కూర్చోబెట్టి, "ఇక్కడే ఉండు, జీళ్ళు కొనుక్కొస్తా" అని చెప్పి పంటెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. నిప్పు పెట్టిన పాకలన్నీ తనకి దొరకని ఇళ్ళేనట.

"బావుంది గాని మాస్టారూ, ఆ ముసలమ్మ చచ్చిపోయింది కదండీ? ఆవిడకీ ఓ చిన్నతనం ఉండే ఉంటుంది. అది రాయలేదేం?" అని అడిగాను.

"టైము గంటేనయ్యా," అన్నారు మాస్టారు.

ఈయన మాత్రం ఆ సీను కాగితాలు చేతిలో పట్టుకుని మళ్ళీ మొదటినుంచి చదివాడు. పొద్దున్నే ఏం తింటాడని అడగలేదు. "రేవు ఏదండీ?" అని మాత్రం అడిగాడు. మాస్టారు ఆయన పనిచేసే రేవే గుర్తొచ్చి, "మన రేవే అనుకోండి" అన్నారు.

మొదటి ప్రదర్శన పాలకొల్లు దగ్గర ఒక ఊళ్ళో. పాకలు తగలబడ్డాయి, ఆడవాళ్ళు యథాప్రకారం తిట్టారు. చివరికి ఈయన స్టేజి అంచున కూర్చున్నాడు. పెద్దమనిషే, పంచె కట్టుకుని మీసాలతో ఉన్న మనిషే, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకునేసరికి చిన్నపిల్లాడైపోయాడు. జీళ్ళ మాట చెప్పాడు. తర్వాత జనం వైపు ఒక్కొక్క మొహమే వెతకడం మొదలుపెట్టాడు. అది నాటకంలో లేదు. మొదటి వరస అయ్యాక రెండో వరస, తర్వాత మూడోది. ఆడవాళ్ళు గట్టిగా ఏడ్చారు. నేను చెప్పాల్సిన ఖండన ఉంది, అది చెప్పబోతే "ఊరుకోవయ్యా" అని ఎవరో కేకేశారు. నాటకం నడుస్తుండగా హీరోని ఊరుకోమన్నది నా ఎరుకలో అదొక్కసారే.

నాటకం అయ్యాక ఒకావిడ నా దగ్గరికొచ్చి ఆయనకిమ్మని సున్నుండలు ఇచ్చింది. ఉక్రోషం పట్టలేక, "పాకలు తగలబెట్టాడు కదమ్మా, ముసలమ్మ చచ్చిపోయింది కదమ్మా?" అన్నాను.

"తగలబెట్టడూ మరి? తల్లి వదిలేసిన బిడ్డ!" అంది.

ఆ రాత్రి దిష్టి తీయడానికి వాళ్ళమ్మ పళ్ళెం తెచ్చింది. ఈయన చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దమ్మా, ఇవాళ నన్నెవరూ తిట్టలేదు. అందరూ జాలిపడ్డారు," అన్నాడు. ఆవిడ పళ్ళెం దించలేదు. "తిట్లయితే కడిగితే పోతాయిరా. జాలిపడితే ఎలా కడగాలో నాకు తెలీదు," అంది. నేను పక్కనే ఉన్నాను. అప్పుడది ముసలివాళ్ళ చాదస్తమనుకున్నాను.

ఆ నాటకం ఆ సీజనంతా ఆడాం. ఎక్కడ ఆడినా బహుమతే. రామచంద్రపురం నుంచి ఇటు మొగల్తూరు దాకా ఆయన కథ పాకిపోయింది. ఆయన కథే అన్నాను, చూశారా. వేషాన్నీ మనిషినీ కలిపేయడం మావాళ్ళకి మొదటినుంచీ అలవాటు. అదివరకు ఆయన నిజంగానే పాపిష్టివాడేమోనని భయపడేవాళ్ళు, ఇప్పుడు తల్లి నిజంగానే వదిలేసిందని నమ్మారు. పైగా రేవు అదే, పంటు అదే. పంటెక్కిన ఆడవాళ్ళు టిక్కెట్టు తీసుకుంటూ ఆయన చేతిలో అరటిపళ్ళు పెట్టేవాళ్ళు, అరిసెలు పెట్టేవాళ్ళు. "అన్నం తిన్నావా బాబూ" అని అడిగేవాళ్ళు. ఒక ముసలావిడైతే తల మీద చెయ్యి వేసి నిమిరింది. ఇన్నేళ్ళు ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆయన వద్దనలేదు. నేనైనా అనేవాణ్ణి కాదేమో.

ఆ చలికాలంలో ఒక పొద్దున నేను మందుల సరుకు కోసం అవతలి ఒడ్డుకి వెళ్తున్నాను. మంచు బాగా పట్టి గోదావరి కనపడటం లేదు. పంటు ఇంజను చప్పుడే తప్ప ఎక్కడున్నామో తెలియడం లేదు. ఆయన ముందు కాకుండా వెనకవైపు నిలబడి, వదిలొచ్చిన రేవు వైపే చూస్తున్నాడు. అందరికీ టిక్కెట్లు కోశాక ఒకటి ఎక్కువగా చింపి, దాని డబ్బు తన జేబులోంచి సంచిలో వేసి, ఆ టిక్కెట్టు చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"అదెవరికండీ?" అన్నాను.

"మా అమ్మకండి. ఈ ట్రిప్పులో ఉండొచ్చు," అన్నాడు.

పరాచికమనుకుని నవ్వబోయాను. ఆయన నా వైపు తిరిగాడు. స్టేజి మీద రెప్ప వేయకుండా చూసే ఆ చూపు లేదు. ఇదంతా మామూలు సంగతన్నట్టు చూశాడు. "ఆ రోజూ ఇలాగే మంచండీ హీరోగారూ. పంటు కదిలాక వెనక్కి చూసింది. చూసి నవ్వింది. ఏడ్చుంటే వస్తుందనుకునేవాణ్ణి. నవ్విందండీ. అప్పుడే నాకు తెలిసిపోయింది," అన్నాడు. అవతలి ఒడ్డున సరుకు తీసుకోకుండానే అదే పంటులో వెనక్కి వచ్చి, నేరుగా మాస్టారింటికి వెళ్ళాను.

"నవ్విందని నేను రాయలేదయ్యా," అన్నారు మాస్టారు. నాటకం కాగితాలు తీసి తిరగేశారు. "మంచు అని కూడా రాయలేదు."

ఆ తర్వాత కొద్దిరోజులకి వాళ్ళమ్మ నా షాపుకొచ్చింది. అంతకుముందెప్పుడూ నా షాపు గడప తొక్కిన మనిషి కాదు. బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తే గ్లాసు అలాగే పట్టుకుని కూర్చుంది.

"బాబూ, వాడు నన్ను మీరంటున్నాడు," అంది.

"ఏంటండీ పిన్నిగారూ?"

"అన్నం పెడితే, 'మీకెందుకండీ శ్రమ' అంటున్నాడు. నేను పడుకున్నానంటే అడుగుల చప్పుడు కాకుండా నడుస్తున్నాడు. పరాయి ఇంట్లో ఉన్నట్టు. నిన్న అడిగాడు, 'నన్ను పెంచడానికి మిమ్మల్ని ఎవరు ఒప్పించారండీ?' అని." ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "కోపమైతే కసిరేదాన్ని. చాలా మర్యాదగా అడిగాడు బాబూ. కొట్టినా బాగుండేది."

బజార్లో కూడా ఆవిణ్ణి చూసి గుసగుసలాడుకుంటున్నారట. ఒకావిడ ఎదురుపడి, "పెంచిన తల్లివే గదా, పోనీలే, పుణ్యం" అని మెచ్చుకుందట కూడా. ఇప్పటివాళ్ళయితే ఈ జబ్బుకి ఓ పేరు చెప్తారు. మేమూ రాజమండ్రి తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించాం. ఈయన ఆ డాక్టరుతో తల్లి కథ ఎంత నిబ్బరంగా చెప్పాడంటే, బయటికొచ్చాక ఆయన నన్ను పిలిచి, "మనిషి బాగానే ఉన్నారండీ. పాపం, చిన్నప్పటి దెబ్బ" అన్నాడు.

మాస్టారికి నిద్ర పట్టలేదు. తను పెట్టిన ముడి తనే విప్పుతానని చివరి సీను మార్చి రాశారు. కామందు కథ చెప్పగానే తల్లి తిరిగొస్తుంది. వచ్చి కొడుకుని కావలించుకుంటుంది. తల్లి వేషానికి రాజమండ్రి నుంచి ఒక నటిని పిలిపించాం, ఇలాంటి పాత్రల్లో చెయ్యి తిరిగినావిడ. వాళ్ళమ్మకి మాస్టారే వెళ్ళి చెప్పారు. "వాడి కథలో తల్లి వచ్చేస్తుందమ్మా, ఇక అన్నీ సర్దుకుంటాయి" అని. ఆవిడ మొదటిసారి నాటకానికి వచ్చింది. ఆడవాళ్ళ వైపు ఒక స్తంభాన్ని ఆనుకుని కూర్చోవడం నాకు స్టేజి మీద నుంచి కనపడింది.

నటి ఏడుస్తూ వచ్చింది. "నాన్నా!" అని చేతులు చాపింది. ఈయన లేచాడు. ఆమె చుట్టూ ఒకసారి తిరిగి, మొహంలోకి వంగి చూశాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, జనానికి వినపడకుండా చాలా చిన్నగా, "హీరోగారూ, ఈవిడెవరండీ?" అన్నాడు. నాటకంలో నా పేరు అది కాదు. అప్పుడు జనం వైపు తిరిగి చేతులు కట్టుకుని, "మా అమ్మ ఇలా ఉండదండీ. ఇంకా రాలేదండీ," అన్నాడు. మళ్ళీ వరసవరసకీ మొహాలు వెతకడం మొదలుపెట్టాడు. వెతుకుతూ వెతుకుతూ ఆ స్తంభం దాకా వచ్చి, అక్కడ కూర్చున్న ఆవిడ మీద చూపు ఒక్క క్షణమైనా ఆపకుండా దాటేశాడు. తెర వేసేశాం. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ పరిషత్తులో మొదటి బహుమతి మాదే. మాస్టారు ఆ కప్పు ఇంటికి తీసుకెళ్ళలేదు.

ఒక వారం తర్వాత పొద్దున్నే ఆవిడ మళ్ళీ షాపుకొచ్చింది. ఈసారి పరుగున వచ్చింది. "రేవుకి పద బాబూ. సంచిలో బట్టలు సర్దుకున్నాడు. వాళ్ళమ్మని వెతుక్కోవడానికి పోతున్నాడట. ఇక రాడు," అంది. ఎండ అప్పుడే ఎక్కుతోంది. షట్టరు సగం దించి ఆవిడతో పరుగెత్తాను.

పంటు నిండా జనం ఉన్నారు. ఈయన భుజాన ఖాకీ సంచి లేదు. తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో బట్టల సంచితో, వేరేవాడి దగ్గర టిక్కెట్టు కొనుక్కుని నిలబడి ఉన్నాడు. అందరికీ సంగతి తెలిసిపోయినట్టుంది. "వెళ్ళి రా బాబూ, దొరుకుతుంది" అని ధైర్యం చెప్తున్నారు. మమ్మల్ని చూసి ఈయన నమస్కారం పెట్టాడు.

"ఎండలో మీరెందుకొచ్చారండీ? అన్నం వండి మూత పెట్టొచ్చాను. ఇంతకాలం చూశారు, మీ రుణం తీర్చుకోలేను," అన్నాడు తల్లితో.

ఆవిడ పంటు ఎక్కింది. రొప్పుతోంది. కొడుకు ఎదురుగా నిలబడి, "వెతకక్కర్లేదు. నేనే," అంది.

ఆయన రెప్ప వేయకుండా చూశాడు.

"నిన్ను ఈ రేవులో కూర్చోబెట్టి పంటెక్కి పోయింది నేనేరా. తర్వాతెప్పుడో తిరిగొచ్చాను. సిగ్గేసి చెప్పలేదు."

"పిన్నిగారూ, అదేంటండీ..." అని నేను అడ్డం వెళ్ళబోయాను. ఆవిడ నా వైపు చూడకుండానే నా మణికట్టు పట్టుకుంది. లేసు సూది పట్టి పట్టి గట్టిపడిన వేళ్ళు. నొప్పి పుట్టేలా నొక్కింది.

"ఎందుకెళ్ళారు?" అన్నాడు.

ఏదో ఒకటి చెబుతుందనుకున్నాను. ఆకలనో, జబ్బనో, ఎవరో బెదిరించారనో. మాస్టారయితే ఈ జవాబు మూడు పేజీలు రాసేవారు, జనం కుళ్ళి కుళ్ళి ఏడ్చేవాళ్ళు. ఆవిడకి నాటకాలు తెలియవు.

"ఎందుకూ లేదు. నువ్వు బరువనిపించావు. వెళ్ళిపోయాను."

"అంతేనా?"

"అంతే. చెడ్డదాన్ని."

చేపల తట్ట దగ్గర కూర్చున్నామె ముందుగా, "ఛీ, అదేం తల్లే!" అని నీళ్ళలోకి ఉమ్మేసింది. ఇంకొకావిడ మెటికలు విరిచింది. తర్వాత అన్ని వైపుల నుంచీ మొదలైంది. కొడుకు మీద పడిన తిట్లు వినలేక ఇన్నేళ్ళూ నాటకానికి రాని ఆవిడ, ఇప్పుడు అన్నీ నిలబడి విన్నది. తల కూడా వంచుకోలేదు.

ఈయన అవేవీ వినడం లేదు. "పంటు కదిలాక వెనక్కి చూశావు కదా?" అన్నాడు.

"చూశాను."

"నవ్వావు."

ఆవిడకిది ఎవరూ చెప్పలేదు. నాటకంలోనూ లేదు. నా మణికట్టు వదిలేసింది.

"నవ్వాను," అంది.

ఆయన సంచి కింద పెట్టాడు. తువ్వాలు తీసి తల్లి మొహం మీద చెమట తుడిచాడు. "ఇంటికి పద. ఈ ఎండలో నువ్వెందుకు పరుగెత్తుకొచ్చావు?" అన్నాడు. చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా దించాడు.

ఎన్నో విలన్ వేషాలకి పొద్దున తినే తిండి దగ్గర్నుంచి కారణాలు వెతికిన మనిషి, ఏ కారణమూ చెప్పని ఆ ఒక్క మాటని నమ్మాడు. మాస్టారి కామందుని జనం ముద్దు చేశారు, నిజమే. కానీ అందులో ఎంత నమ్మకం ఉందో, ఎంత ఏడుపు సరదా ఉందో నాకు తెలీదు. ఆ రోజు పంటు మీద ఆవిణ్ణి మాత్రం ఒక్కరు కూడా అనుమానించలేదు.

ఆ తర్వాత ఆయన వేషం కట్టలేదు. మళ్ళీ ఖాకీ సంచి వేసుకుని పంటెక్కాడు. ఎక్కువ టిక్కెట్టు చింపడం మానేశాడు. తల్లిని కళ్ళలో పెట్టుకుని చూశాడు. కళ్ళు మసకబారాక అన్నం కలిపి నోట్లో పెట్టేవాడు. ఇంటికెవరైనా వస్తే ఆవిడ ఎదురుగానే, "చిన్నప్పుడు వదిలేసిందండీ. నేనేం మనసులో పెట్టుకోలేదు," అనేవాడు. ఆవిడ తలాడించేది. ఆ ఇంటి వరండాలో కూర్చుని నేనూ ఈ మాట విన్నాను.

ఒకరోజు ఆయన లేనప్పుడు అడిగాను. "నిజం చెప్పేద్దామండీ పిన్నిగారూ. వీధి వీధంతా మిమ్మల్ని ఆడిపోసుకుంటోంది. నాకు భరించడం కష్టంగా ఉంది."

"నీకెందుకు కష్టం?" అంది నవ్వుతూ. "వాడు ఇంట్లో ఉన్నాడు. అమ్మా అంటున్నాడు. నువ్వు నోరు జారితే మళ్ళీ సంచి సర్దుకుంటాడు. ఒట్టెయ్యి." వేశాను.

ఆవిడ చివరి రోజున కబురొస్తే నేనూ వెళ్ళాను. మధ్యాహ్నం. మంచం చుట్టూ వీధిలో ఆడవాళ్ళు ఉన్నారు. ఈయన తల్లి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడకి ఎగశ్వాస వస్తుంటే ఈయన వంగి, చెవి దగ్గర, అందరికీ వినపడేలా, "అమ్మా, నువ్వు నన్ను వదిలేసిన సంగతి నేనెప్పుడో మర్చిపోయాను. నిన్ను క్షమించాను. నిశ్చింతగా వెళ్ళు," అన్నాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అందులో నటన లేదు. ఆవిడ రెండు చేతులూ అతికష్టం మీద దగ్గరికి తెచ్చి, కన్న కొడుక్కి దణ్ణం పెట్టింది.

"నీ దయ నాన్నా," అంది.

గదిలో ఆడవాళ్ళంతా ఒక్కసారిగా ఏడ్చారు. నా పక్కనున్నావిడ ముక్కు చీదుకుంటూ, "ఎంత పెద్ద మనసండీ ఆయనది!" అంది.

"అవునండీ," అన్నాను.